దవాఖానాలో మన భాష

అమెరికా దవాఖానాల సంగతి మన బులెటిన్‌లో ఎందుకని కొందరు సోదరులు అడగవచ్చు. భివండిలోనో షోలాపూర్‌లోనో సాంచాలు నడిపే మనిషికీ, కాలిఫోర్నియా తోటల్లో కూలి చేసే మెక్సికో మనిషికీ ఏమిటి సంబంధం? ఇద్దరూ పొట్ట చేతబట్టుకొని పరాయి భాష ఊరికి వచ్చినవాళ్ళే. జబ్బు చేస్తే డాక్టరు ఒక భాషలో అడుగుతాడు, నొప్పి ఇంకొక భాషలో నోటికి వస్తుంది.

ఒక చిన్న మాట చూడండి. మందు రోజుకు ఒకసారి వేసుకోవాలని ఇంగ్లీషులో రాస్తే అందులో 'వన్స్' అన్న మాట ఉంటుంది. అవే అక్షరాలను స్పానిష్‌లో 'ఓన్సే' అని చదువుతారు. ఓన్సే అంటే పదకొండు! సీసా మీది అక్షరాలను నమ్ముకున్న కూలివాడి గతి ఏమిటి? ఎయిడ్స్‌కు కూడా వాళ్ళ భాషలో పేరు వేరు, 'సీదా' అంటారు. హెచ్.ఐ.వి. అక్షరాలు అటూ ఇటూ మారి వి.ఐ.హెచ్. అవుతుంది. తన జబ్బు పేరే తనకు తెలియని భాషలో చెబితే రోగి తల ఊపి ఇంటికి పోతాడు, అంతే.

అక్కడ ఈ జబ్బుకు సేవ చేసే పద్ధతి మొదట నర్సుల చేతనే నిలబడింది. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ దవాఖానాలో '5బి' అని పన్నెండు పడకల వార్డు తెరిచారు. క్లిఫ్ మోరిసన్ అనే నర్సు దానికి పూనుకున్నాడు. రోగిని ముట్టుకోవడానికి అందరూ జంకుతున్న ఆ రోజుల్లో, మేము చేస్తాం అని తమంతట తాము వచ్చిన నర్సులే ఆ వార్డు నడిపారు. అప్పటికి మందు లేదు. చేయి పట్టుకొని కూర్చోవడమే వైద్యం. 1996లో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక నర్సు పని మారింది. చావు దగ్గర తోడుండే పని పోయి, ఏళ్ళ తరబడి బ్రతుకును నడిపించే పని వచ్చింది.

స్పానిష్ వాడల్లోని రెండు భాషల క్లినిక్కుల్లో ఆ నర్సు చేసేదేమిటి? రోగిని ముందు పని వేళలు అడుగుతుంది. రాత్రి పాళీ వాడికి ఉదయం ఎనిమిదికి మాత్ర వేసుకో అంటే ఏం లాభం, అప్పుడే కదా నిద్రపోయేది! మాత్ర ఏ వేళకు కుదురుతుందో ఇద్దరూ కూర్చుని నిర్ణయిస్తారు. నెలాఖరుకు మాత్రలు మిగిలితే తిట్టదు, ఎందుకు మిగిలాయో అడుగుతుంది. రాకపోతే ఫోన్ చేస్తుంది. డాక్టరు చూసేది పది నిమిషాలు, తక్కిన నెలంతా లెక్క ఈమెది. ఇంకొక మంచి పని, పిల్లలను దుబాసీలుగా పెట్టుకోరాదని 2016లో అక్కడి ప్రభుత్వం నిబంధన చేసింది. తండ్రి గుప్తరోగం గురించి పదేళ్ళ కూతురు తర్జుమా చేయడమంత దారుణం ఉందా?

అక్కడంతా సవ్యంగా ఉందని మేము అనడం లేదు. జనాభాలో సుమారు ఐదో వంతు ఉన్న స్పానిష్ జనం, 2022 అంచనాల ప్రకారం కొత్తగా హెచ్.ఐ.వి. సోకినవారిలో మూడో వంతు ఉన్నారు. ప్రభుత్వ సేవలు జనం భాషలో అందాలని 2000లో వచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు. చట్టంలో హక్కు ఉంది గాని, దాన్ని అడగవలసిన భారం మళ్ళీ పేదవాడి నెత్తికే వచ్చింది.

ఇక మన సంగతి. ఈ మందు మన దేశంలో ప్రభుత్వ దవాఖానాల్లో 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. సరిగా వాడుతూ రక్తంలో క్రిమి కనబడనంతగా తగ్గితే, సంభోగం ద్వారా భార్యకు గాని భర్తకు గాని అది సోకదు. మందు ఉంది, మరి మనవాళ్ళు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? షోలాపూర్‌లో తరాలుగా ఉన్నవారికి మరాఠీ వచ్చు, నిజమే. నిన్న మొన్న పాలమూరు నుంచి వచ్చిన కుర్రవాడికి రాదు. వచ్చినవాళ్ళు కూడా ఇలాంటి మాట అమ్మ భాషలోనే అడగగలరు. దానికి తోడు పని పోతుందన్న భయం.

పనికి శక్తి ఉన్న మనిషిని ఈ జబ్బు పేరుతో తీసేయరాదని బొంబాయి హైకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవాడు ఒక క్యాజువల్ కార్మికుడు! 2017 చట్టం అదే మాట దేశమంతటికీ చెప్పింది, ఒప్పుకోలు లేని పరీక్షను కూడా నిషేధించింది. వంద మంది గాని అంతకు మించి గాని ఉన్న సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలంది. మన షెడ్లలో ఒకే కప్పు కింద వంద మంది ఉన్నవి ఎన్ని?

మందిచ్చే కేంద్రంలో తెలుగు వచ్చిన నర్సు ఒకరు ఉండాలని, మందు చీటీ తెలుగులో కూడా ఇవ్వాలని మనం అడగాలి. ఇది దవాఖానాతో తేల్చుకునే సంగతి. సేఠ్‌లతో తేల్చుకునేది వేరే ఉంది. మందుకు పోయిన రోజు పగార్ కోస్తున్నారు. ఆ కోత ఎత్తివేయాలన్నది ఈసారి వేతన చర్చల్లో పెట్టాలని మా అభిప్రాయం. దవాఖానాకు వెళ్ళినట్టు చీటీ చూపితే చాలు. ఆ చీటీ మీద జబ్బు పేరు గాని, ఏ విభాగమో గాని ఉండకూడదు.