టికెట్టు ఫ్రీ... మూత్రానికి పైసలా?

బస్సెక్కే ముందు మన ఆడబిడ్డలు చేసే మొదటి పని ఏంది? నీళ్లు తాగుడు బంద్ పెట్టడం! పొద్దున ఇల్లు దాటే ఉద్యోగిని, పరీక్ష రాయడానికి పట్నం వచ్చే విద్యార్థిని, చంటిపిల్లతో దవాఖానకు బయల్దేరిన తల్లి... అందరిదీ ఇదే లెక్క. దారిలో మూత్రానికి పోయే జాగ దొరకదు. దొరికినా లోపల అడుగు పెట్టలేరు. ఇట్ల ఆపుకొని ఆపుకొని మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకుంటున్నరు.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. మంచిదే. మరి బస్సు దిగినంక?

ఒక బస్టాండులో చూసినం. గోడ మీద 'మూత్రశాల ఉచితం' అని పెద్ద అక్షరాలు. దాని కిందనే బల్ల వేసుకొని ఒక మనిషి ఆడవాళ్ల దగ్గర అయిదు రూపాయలు తీసుకుంటున్నడు. బోర్డు చూపించి అడిగితే, 'అది మగవాళ్లకు' అన్నడు. ఆడవాళ్లు మూత్రానికి పోయినా మరుగుదొడ్డి కిందనే లెక్క కడతరట! ఇదెక్కడి న్యాయం?

పైసలు కట్టినా లోపల ఏమున్నది? తలుపుకు గడియ లేదు. నల్లాలో నీళ్లు లేవు. బల్బు లేదు. సంచి తగిలించడానికి మేకు లేదు. నెలసరి ప్యాడ్ వేయడానికి డబ్బా లేదు. ఒకరు బయట తలుపు పట్టుకుంటే ఇంకొకరు లోపల కూర్చోవాలె. ఒంటరిగా వచ్చిన మనిషి ఎవరిని పట్టుకొమ్మని అడగాలె?

పైసలిచ్చి వాడుకునే పద్ధతి కొత్తది కాదు. బిందేశ్వర్ పాఠక్ 1970లో మొదలుపెట్టిన సులభ్ సంస్థ, 1974లో పాట్నాలో దీన్ని తెచ్చింది. వచ్చిన పైసలతో మరుగుదొడ్డిని శుభ్రంగా నడపాలన్నదే అందులోని ఆలోచన. శుభ్రమే లేనప్పుడు వసూలు దేనికి? నిర్వహణ ఖర్చు అంటరు. మరి నీళ్లెక్కడ? ఊడ్చే మనిషికి చేతి తొడుగులెక్కడ? కంపు కొడితే అందరం ఆ మనిషినే తిడతం. కాంట్రాక్టరును అడిగేటోడు లేడు.

2025 జనవరి 15న సుప్రీంకోర్టు కోర్టు ఆవరణల గురించి తీర్పు ఇచ్చింది. మగవాళ్లకు, ఆడవాళ్లకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. ఇది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కోర్టు మెట్లెక్కే మనిషికి ఉన్న హక్కు బస్టాండు మెట్లెక్కే మనిషికి ఉండదా?

మనం అడిగేది పాలరాతి మేడలు కాదు. ఆడవాళ్లకు కూడా మూత్రశాల ఉచితం కావాలె. గడియ, నీళ్లు, దీపం, చెత్తడబ్బా ఉండాలె. ఊడ్చేవాళ్లకు సరైన జీతం, తొడుగులు ఇయ్యాలె. మూత్రం మాట ఎత్తడానికి సిగ్గెందుకు? ఈసారి బల్ల ముందు పైసలడిగితే రసీదు అడగండి. ఇయ్యకుంటే డిపో మేనేజర్‌కు కాగితం రాసియ్యండి. ఒక్కరు రాస్తే బుట్టలో వేస్తరు. ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు కలిసి వంద కాగితాలు ఇస్తే జవాబు చెప్పక తప్పదు.