తీసెయ్యమనే సలహా మన ఊరిది కాదు

"ఆడేసిన గేమ్ తీసెయ్యి. మళ్ళీ కావాలంటే డౌన్‌లోడ్ చేసుకో." ప్లేస్టేషనో ఎక్స్‌బాక్సో కొన్నవాడు స్టోరేజ్ నిండిపోయిందని ఎవరితో చెప్పుకున్నా వినిపించే సలహా ఇదే. నగరాల్లో కూర్చుని వీడియోలు చేసే సమీక్షకులూ ఇదే చెబుతారు, పెట్టె అమ్మిన షాపువాళ్ళూ ఇదే చెబుతారు. అదనంగా స్టోరేజ్ పెట్టుకోవడం డబ్బున్నవాళ్ళ సరదా అట. నెట్ ఇంత చవకైన రోజుల్లో గేములన్నీ ఇంట్లో దాచుకోవాలనుకోవడం పాతకాలపు యావ అట. ఈ మాట తప్పు. బందరులో, గుడివాడలో, దివిసీమలో మరీ తప్పు.

మా మేనల్లుడిది అవనిగడ్డ అవతల ఒక చిన్న ఊరు. చెరువు కలిసొచ్చిన ఏడాది వాళ్ళ నాన్న వాడికి పీఎస్5 కొనిపెట్టాడు. ఏడాది తిరక్కుండా అది నిండిపోయింది. ఎవరో వీడియోలో చెప్పినట్టే, ఆడటం అయిపోయిందనుకున్న పెద్ద యుద్ధం గేమొకటి తీసేశాడు. సంక్రాంతికి బెంగళూరు నుంచి వాడి పిన్ని పిల్లలు వచ్చారు. వాళ్ళు అడిగింది సరిగ్గా ఆ గేమే. భోగి పొద్దున్న డౌన్‌లోడ్ పెట్టాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రం లైను తెగింది, పండగ పూట బాగుచేసేవాళ్ళు దొరకలేదు. కనుమ నాడు ప్రయాణం చెయ్యరు కాబట్టి ఇంకో రోజు కలిసొచ్చింది, అయినా చాలలేదు. ముక్కనుమ నాడు పిల్లలు బస్సెక్కేటప్పటికి ఇంకా ఇరవై జీబీ మిగిలే ఉంది. "తీసెయ్యకుండా ఉంచాల్సింది మావయ్యా" అన్నాడు నాతో. వాడి మొహం చూస్తే, ఆ సలహా ఇచ్చినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

లెక్క వేసి చూడండి. ఇవాళ్టి పెద్ద గేములు 100 జీబీకి అటూ ఇటూ ఉంటున్నాయి. కాల్ ఆఫ్ డ్యూటీ అయితే ఒక దశలో కన్సోల్ మీద 200 జీబీ కూడా దాటింది. మధ్యస్థంగా 150 జీబీ అనుకుందాం. వంద ఎంబీపీఎస్ లైను ఆగకుండా నడిస్తే అది దిగడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు చాలు. నగరంలో ఉన్నవాడికి కనిపించే ప్రపంచం ఇది. అదే గేము పదిహేను ఎంబీపీఎస్ మీద దించాలంటే ఇరవై రెండు గంటలు. రోజుకి 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాకు మీద హాట్‌స్పాట్ పెట్టుకున్నవాడికి 75 రోజులు, అదీ ఇంట్లో ఇంకెవరూ ఫోన్‌లో ఏమీ చూడకుండా ఉంటే. మొదటి లెక్క చేతిలో పెట్టుకుని మూడోవాడికి సలహా ఇస్తున్నారు.

పైగా మన తీగలు ఎక్కడ వేలాడుతున్నాయో గుర్తుచేసుకోవాలి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ని భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తక్కువ ఖర్చుతో ఊరూరికీ నెట్ చేర్చిన మార్గం అది, నేను దాన్ని తప్పుపట్టను. కానీ స్తంభం కూలితే దీపంతో పాటు నెట్టూ పోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర దాటింది. ఆ రెండు ఊళ్ళకీ మధ్యనే ఉన్నాయి బందరూ దివిసీమా. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉన్న నేల ఇది. అవసరమైనప్పుడు బయటి నుంచి తెచ్చుకోవచ్చులే అన్న భరోసా మీద ఇక్కడ ఎవరూ ఇల్లు నడపలేదు.

వరిగడ్డి పేని వాకిట్లో పురి కట్టి ధాన్యం పోసుకున్నవాళ్ళం మనం. వంటింట్లో బియ్యం డబ్బా, వాకిట్లో పురి. డబ్బాలో ఉన్నది ఇవాళ వండుకోవడానికి, పురిలో ఉన్నది ఏడాది గడవడానికి. పురిలోంచి తీసిన ధాన్యం అలాగే వండుకోలేం, మిల్లుకి పట్టుకెళ్ళి ఆడించాలి. అయినా పురి ఎందుకని ఏ రైతూ అడగలేదు. కన్సోల్ స్టోరేజ్ సంగతి కూడా అచ్చంగా ఇదే, ఈ రెండింటి తేడా తెలియకపోవడం వల్లే మనవాళ్ళు మోసపోతున్నారు.

2021 ఫిబ్రవరి 2న పీఎస్5 మన దేశంలో 49,990 రూపాయలకి వచ్చింది. అప్పటి పెట్టె మీద 825 జీబీ అని ఉండేది గానీ గేములకి మిగిలేది 667 జీబీ. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో 512 అన్న చోట మిగిలేది 364. అంటే దాన్లో పట్టేవి పెద్ద గేములు రెండో మూడో. తర్వాత వచ్చిన పీఎస్5 స్లిమ్‌లో 1 టీబీ చేశారు, అదీ త్వరగానే నిండుతుంది. ఈ లోపలి స్టోరేజే వంటింటి డబ్బా. దీన్ని పెంచుకునే దారి పీఎస్5 లోపలే ఉంది. ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే స్లాటుని 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో సోనీ అందరికీ తెరిచింది. మొదట 4 టీబీ దాకా, 2023 సెప్టెంబరు నుంచి 8 టీబీ దాకా పెట్టుకోవచ్చు. ఎన్‌వీఎంఈ రకం, పీసీఐఈ జెన్ 4 అయి ఉండాలి. సెకనుకి 5,500 ఎంబీ చదివే వేగం ఉంటే మంచిదని సోనీ చెబుతుంది. వేడిని లాగే హీట్‌సింక్ తప్పనిసరి, అన్నీ కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు మించకూడదు. ప్లగ్గు పీకి, పెట్టెని బల్ల మీద పడుకోబెట్టి, పై మూత జరిపి, ఒక స్క్రూ విప్పితే స్లాటు కనిపిస్తుంది. లోపలున్న చిన్న స్క్రూ తీసి, ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా గుచ్చి, కిందికి నొక్కి, మళ్ళీ ఆ స్క్రూ బిగించాలి. ఆన్ చెయ్యగానే ఫార్మాట్ చెయ్యమంటావా అని అదే అడుగుతుంది. అరగంట పని, ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవరు చాలు. ట్రాక్టరు ఇంజను విప్పి బిగించే ఊళ్ళో పిల్లలు ఈ మూత విప్పడానికి భయపడుతున్నారంటే, భయపెట్టింది ఎవరు? "విప్పితే పాడైపోతుంది, వారంటీ పోతుంది" అని చెప్పేవాళ్ళకి ఆ స్లాటు వాడేవాడి కోసమే పెట్టారని తెలియదా?

ఎం.2 ఖరీదు పెట్టలేనివాడికి పురి ఉంది. 2021 ఏప్రిల్ నుంచి పీఎస్5 గేముల్ని మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. 250 జీబీ నుంచి 8 టీబీ దాకా ఏదైనా సరే, యూఎస్‌బీ 3.0 అయితే చాలు. హబ్బు మీదుగా కాకుండా నేరుగా కన్సోల్‌కి గుచ్చాలి. అందులోంచి పీఎస్5 గేము ఆడలేం, లోపలికి తెచ్చుకున్నాకే ఆడాలి. పీఎస్4 గేములు మాత్రం దాని మీంచే నడుస్తాయి. సెకనుకి 100 ఎంబీ కదిలించే డిస్కు మీంచి 100 జీబీ గేము లోపలికి రావడానికి పదిహేడు నిమిషాలు పడుతుంది. నెట్ అక్కర్లేదు. కరెంటు ఉంటే చాలు. మా మేనల్లుడికి ఆ డిస్కు ఒకటి ఉండి ఉంటే, భోగి రోజు టిఫిన్లు అయ్యేలోపు పిల్లలు ఆటలో కూర్చునేవాళ్ళు. నేనేమంటానంటే, "తీసెయ్యి" అన్న సలహా ఇచ్చే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ చెప్పరు, ఎందుకంటే వాళ్ళకి దీని అవసరం ఎప్పుడూ రాలేదు.

అవతలివాళ్ళ వాదనలో నిజం ఉన్న చోట ఒప్పుకుంటాను. హార్డ్ డిస్క్ మీంచి పీఎస్5 గేమ్ ఎందుకు నడవనివ్వరంటే, లోపలి ఎస్‌ఎస్‌డీ సెకనుకి 5.5 జీబీ చదువుతుంది, డిస్కు దానికి యాభయ్యో వంతు కూడా అందుకోలేదు. ఆ వేగాన్ని నమ్ముకుని కట్టిన గేము నెమ్మది డిస్కు మీద కుంటుతుంది. ఇది వంక కాదు, ఇంజనీరింగ్. కానీ ఆ వేగం పేరు చెప్పి మరొక మాట ఇచ్చారు. 2020 మార్చిలో పీఎస్5 రూపశిల్పి మార్క్ సెర్నీ తన ప్రసంగంలో స్పైడర్‌మ్యాన్ గేము ఉదాహరణ చెప్పాడు. పాత హార్డ్ డిస్క్ ముల్లు అటూ ఇటూ తిరిగే శ్రమ తగ్గించడానికి, వీధిలో కనిపించే పోస్టు డబ్బా లాంటి బొమ్మని డిస్కు మీద 400 సార్లు రాసి పెట్టేవాళ్ళట. ఎస్‌ఎస్‌డీ వస్తే ఆ నకళ్ళు అక్కర్లేదు, జాగా మిగులుతుంది అన్నాడు. మిగిలిందా? నకళ్ళు పోయిన చోటికి ఇంకేవో వచ్చి చేరాయి, గేములు పెరుగుతూనే పోయాయి. తగ్గించడం చేతకాక కాదు. హెల్‌డైవర్స్ 2 పీసీ గేము 154 జీబీ ఉండేది. నకళ్ళు ఏరి పారేస్తే 2025 డిసెంబరులో 23 జీబీకి వచ్చింది. ఆటలో ఒక్క తుపాకీ తగ్గలేదు, ఒక్క మైదానం తగ్గలేదు. నూట ముప్పై జీబీ మోత ఇన్నాళ్ళూ కొన్నవాడి నెత్తిన ఉంది. నీ స్టోరేజ్ ఖాళీ చేసుకో అని చెప్పే ముందు, మీ గేము చిన్నది చెయ్యండి అని గేములు చేసేవాళ్ళని అడగాలి కదా?

ఎక్స్‌బాక్స్ కొన్నవాడికి దారి ఇంకా ఇరుకు. సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ గేములు ఆడటానికి పనికొచ్చే అదనపు స్టోరేజ్ దానికే ప్రత్యేకంగా చేసిన కార్డు. బజారులో దొరికే మామూలు ఎస్‌ఎస్‌డీ దానికి పట్టదు. 2020లో సీగేట్ 1 టీబీ కార్డు వచ్చినప్పుడు ధర 219.99 డాలర్లు. కన్సోల్ చవగ్గా కొన్నానని సంతోషపడ్డవాడు స్టోరేజ్ దగ్గర ఆ తేడా చెల్లిస్తాడు. మన ప్రాంతంలో కొనేవాళ్ళు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

బ్లూరే డిస్కు డ్రైవు లేని పీఎస్5 డిజిటల్ ఎడిషన్ గురించి నా తీర్పు ఇంకా సూటిగా ఉంటుంది. దివిసీమలో అది కొనొద్దు. పీఎస్5 బ్లూరే డిస్కులో 100 జీబీ దాకా పడుతుంది. డిస్కు వేసినా గేము లోపల ఇన్‌స్టాల్ కావాల్సిందే, జాగా కలిసిరాదు. కానీ బరువంతా నెట్ మీంచి లాగే పని చాలావరకు తప్పుతుంది. ఆడేశాక పక్క ఊరివాడికి అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. తొంభైల్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ క్యాసెట్లు జేబులో వేసుకుని, గుడివాడలో బస్సెక్కి బందరులో మిత్రుడి ఇంటికి వెళ్ళి మార్చుకొచ్చినవాణ్ణి నేను. కాంట్రా ఇచ్చి మారియో తెచ్చుకునేవాణ్ణి. క్యాసెట్ గుచ్చితే ఆట వచ్చేది. అది మా సొంతం.

మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు అన్న మాటకి హామీ ఎవరు? 2014 ఆగస్టులో పీఎస్4 కోసం పీ.టీ. అనే చిన్న భయానక గేము ఉచితంగా వచ్చింది. 2015లో దాన్ని స్టోర్ నుంచి తీసేశారు. కన్సోల్‌లో ఉంచుకున్నవాళ్ళ దగ్గర ఉండిపోయింది. తర్వాత తెచ్చుకోవచ్చులే అని తీసేసినవాళ్ళకి ఇక రాలేదు. 2021లో పీఎస్3 స్టోర్‌నే మూసేస్తామని సోనీ ప్రకటించింది, కొన్నవాళ్ళు గోలపెట్టాక వెనక్కి తగ్గింది. ఈ రెండూ చూశాక కూడా దాచుకోవడం పాతకాలపు యావ అంటే నేను ఒప్పుకోను.

గుడివాడ నెహ్రూ చౌక్ దగ్గరైనా బందరు కోనేరు సెంటర్ దగ్గరైనా గంటకింతని తీసుకుని ప్లేస్టేషన్ ఆడించే గది నడిపేవాణ్ణి అడగండి. ఒకడు క్రికెట్ అంటాడు, ఒకడు కుస్తీ అంటాడు, నలుగురు కలిసి వస్తే ఫుట్‌బాల్ అంటారు. వాడు దేన్ని తీసెయ్యాలి? వచ్చినవాణ్ణి ఇరవై రెండు గంటలు కూర్చోమనాలా?

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. కొనేవాళ్ళు ఆలస్యం చెయ్యకండి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులు పోతున్నాయి, మామూలు మనిషికి మిగిలేవి తగ్గుతున్నాయి. చాలామంది పీఎస్5లో పెట్టుకున్న క్రూషియల్ బ్రాండు ఎస్‌ఎస్‌డీలు చేసిన మైక్రాన్ కంపెనీ, ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని 2025 డిసెంబరులో ప్రకటించింది. కొత్తది కొనలేకపోయినా, మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పనిచేస్తుంటే, సామాను పారెయ్యని మా నలభై ఏళ్ళవాళ్ళ అలవాటు ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక యూఎస్‌బీ 3.0 కేసులో పెడితే అదే పురి అవుతుంది. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి పెళ్ళి ఫోటోలు ముందే వేరే చోట దాచుకోండి.

బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో కన్సోళ్ళు అమ్మే షాపువాళ్ళకి నా విన్నపం ఒకటే. పీఎస్5 పెట్టె చేతిలో పెట్టేటప్పుడు కొన్న పిల్లాడికి రెండు మాటలు చెప్పండి: ఇందులో ఇంకో ఎస్‌ఎస్‌డీకి స్లాటు ఉంది, గేములు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. తీసెయ్యమని మాత్రం చెప్పకండి.