బల్లమీది సిపాయిలు

అంగుళమునకు కొంచెము మించిన ఎత్తు గల సిపాయి బొమ్మ. తగరము కలిసిన లోహముతోనో, ప్లాస్టికుతోనో పోతపోసినది. ఇట్టి వానిని ఇరువది ముప్పదింటిని చేర్చి ఒక కాల్బలముగా నిలిపి, ఒక్కొక్క దానికి కోటును, పట్టీలను, టోపిని, తుపాకిని వేఱువేఱు రంగులతో దిద్ది, బల్లమీద యుద్ధక్రీడకు సిద్ధము చేయువారు నేడు అనేక దేశములలో నున్నారు. పెద్దవారికి బొమ్మలాట యేమని నవ్వువారును కలరు. నవ్వనిండు. బొమ్మకు సరిగా రంగు వేయదలచినవానికి చరిత్ర చదువక తప్పదు. అందుచేతనే ఈ పని గౌరవింపదగినదని నా యభిప్రాయము.

పనితనము మాట యెట్లున్నను, అది నేర్వరానిది కాదు. ముందు బొమ్మను కడిగి పలుచని అడుగుపూత పూయుదురు. అది ఆరిన పిదప అసలు రంగులు వేయుదురు. ఆ తరువాత నీళ్లవలె పలుచన చేసిన ముదురురంగును పైన పూసినచో, అది కోటు ముడుతలలోనికి జారి నీడవలె నిలుచును. ఎత్తుగా నున్న చోట్ల లేతరంగును తాకించినచో వెలుగు పడినట్లు కనబడును. ఇంత చిన్న బొమ్మపై సహజమైన వెలుగునీడలు కంటికి ఆనవు గనుక చిత్రకారుడే వానిని కల్పింపవలెను. ఓర్పు గలవాడెవడైనను దీనిని సాధింపగలడు. అసలు కష్టము వేఱొకచోట నున్నది. ఏ యేట, ఏ దండువారు, ఏ రంగు కోటు తొడిగిరి? ఈ ప్రశ్నకు కుంచె బదులు చెప్పదు.

ఈ ఆట పిల్లలకు యుద్ధమునందు మోజు పెంచునని కొందఱు భయపడుదురు. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ఈ ఆటకు నియమములు వ్రాసి ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమును ప్రకటించెను. నిజమైన యుద్ధమెంత అవివేకమో ఆ గ్రంథముననే చెప్పెను. మఱుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. దానిని తెచ్చినవి బొమ్మలు కావు.

బొమ్మలతో వచ్చు అపాయము వేఱు. 1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధమును విలియం సైబోర్న్ అను ఆంగ్ల సైనికోద్యోగి చిన్న బొమ్మలతో నిర్మింపబూనెను. ఆ రణభూమిలోని ఒక రైతుయింట ఎనిమిది నెలలుండి నేలను కొలిచెను. బ్రదికియున్న సైనికాధికారులకు ఉత్తరములు వ్రాసి సమాచారము సేకరించెను. 70,000కు పైగా బొమ్మలతో ఆ నమూనా 1838లో లండనులో ప్రదర్శింపబడెను. కాని విజయములో ప్రష్యా సేనకు అంత పాలు చూపుట సేనాధిపతియైన వెల్లింగ్టన్ ప్రభువునకు రుచింపలేదు. సైబోర్న్ తుదకు అనేక ప్రష్యా బొమ్మలను తీసివేసెను. ఆ నమూనా నేటికిని లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో నున్నది. ఆతని శ్రమకు నేను చేయెత్తి మ్రొక్కుదును. ఆ తొలగింపును మాత్రము మెచ్చజాలను. బొమ్మ తీసివేసినంతమాత్రమున నాడు అచ్చట పోరాడినవాడు పోరాడకపోవునా?

మన నేలమీదనే ఇంకొక ఉదాహరణమున్నది. 1758 డిసెంబరులో గోదావరి సీమలోని చందుర్తివద్ద కల్నల్ ఫోర్డు నడిపిన ఆంగ్లసేనయు, కాన్‌ఫ్లాన్సు నడిపిన ఫ్రెంచిసేనయు తలపడెను. విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆంగ్లేయుల పక్షము. ఫోర్డు వెంట బంగాళమునుండి వచ్చిన సిపాయిలు ఎఱ్ఱకోటులు తొడిగియుండిరి. ఆంగ్లేయుల తెల్లదండు ఎత్తుగా పెరిగిన పైరు చాటున నుండెను. ఎఱ్ఱకోటులను చూచి ఫ్రెంచివారు సిపాయిలనే తెల్లదండని భ్రమించి వారిమీదికి నడిచిరి. చాటుననున్న దండు ప్రక్కనుండి వారిపై పడెను. ఫ్రెంచివారు ఓడిరి. ఉత్తర సర్కారులలో వారి యధికారము కూలుటకు ఇది నాంది. నాడు బంగాళమున సిపాయిలను ‘తిలంగా’లని పిలుచుచుండిరి, ఆ మాట తెలుగువారి పేరునుండి పుట్టినదే.

ఈ యుద్ధమును బల్లమీద నిలుపదలచినవాడు సిపాయిల కోటులకు తెలుపో నీలమో వేసినచో ఫ్రెంచివారు ఏల మోసపోయిరో చూచువారికి బోధపడదు. ఎఱుపు వేసి, ముఖములకు మాత్రము తెల్లవారి ఛాయ పూసినను తప్పే. పైరును మఱవరాదు. ఎండిన కొబ్బరిపీచును చిన్నచిన్న తునకలుగా కత్తిరించి, పచ్చరంగులో ముంచి నిలిపినచో అంగుళము ఎత్తు సిపాయి దానిలో చక్కగా దాగును.