గాలాపగోస్ దీవులు - చిన్న నౌకలు, పెద్ద చిక్కు

దక్షిణ అమెరికా పడమటి తీరమునకు సుమారు 1000 కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రములో, అగ్నిపర్వతముల వలన పుట్టిన గాలాపగోస్ దీవులు కలవు. ఇవి ఈక్వడార్ దేశమునకు చెందినవి. 1835లో బీగిల్ నౌకపై వచ్చిన డార్విన్ ఇచ్చట ఐదు వారములు గడపెను. నాటినుండి ఈ దీవుల పేరు జీవశాస్త్రము చదివిన విద్యార్థులందరకును పరిచితమే. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో నూరేండ్లు పైబడి బ్రదికి, 2024 మార్చిలో కన్నుమూసిన ముసలి తాబేలు ఈ జాతిదనియే ప్రసిద్ధి. ఇట్టి జంతువులను పుట్టినచోటనే చూడగోరి 2023లో 3 లక్షల 20 వేల మందికి పైగా ఆ దీవులకు పోయిరి. అచ్చటి స్థిరనివాసులో, 30 వేలకు మించరు.

ఈ యాత్రలకు పేరు తెచ్చినవి చిన్న విహారనౌకలు. వీనిలో పెక్కింటికి 16 మంది ప్రయాణికులే పరిమితి. ఈ సంఖ్య ఊరక వచ్చినది కాదు. 16 మందికి ఒక మార్గదర్శి ఉండి తీరవలెనని నియమము. ఎంత పెద్ద నౌకయైనను 100 మందిని మించి ఎక్కించుకొనరాదు. రాత్రి వేళ నౌక ఒక దీవినుండి మరియొక దీవికి సాగును. తెల్లవారిన పిమ్మట ప్రయాణికులు రబ్బరు పడవలలో ఒడ్డు చేరుదురు. గుర్తులు పెట్టిన బాట తప్పరాదు. జంతువులకు రెండు మీటర్ల దూరమున నిలువవలెను. ఒకే నౌక ఒకే స్థలమును రెండు వారములలోపల మరల దర్శింపకుండునట్లు 2012లో యాత్రాక్రమములను మార్చిరి. పెద్ద క్రూరమృగములు లేనిచోట పెరిగినందున అచ్చటి పక్షులు, ఉడుములు మనుష్యుని చూచి పారిపోవు. ఆ నమ్మకమును చూచుటకే గదా యాత్రికులు అంత వ్యయపడి పోవుట!

అట్లని నౌకలు నిర్దోషములని చెప్పరాదు. రాత్రివేళ వాని దీపములకు కీటకములు మూగి, ఒక దీవినుండి మరియొక దీవికి చేరును. బయటినుండి వచ్చిన ఫిలోర్నిస్ అను ఈగ గూళ్లలో గ్రుడ్లు పెట్టగా, దాని పురుగులు పక్షిపిల్లల రక్తము పీల్చుచున్నవి. ఇక 2001 జనవరిలో జెస్సికా అను చమురు ఓడ సాన్ క్రిస్టోబాల్ దీవి చెంత నేలకు తగిలి చమురు కారిపోయెను. అందున్న సరకులో ఒక విహారనౌకకు ఉద్దేశించిన ఇంధనము కూడ కలదు. ఆ పిమ్మటి సంవత్సరములో సాంటాఫే దీవిపై సముద్రపు ఉడుములు సగమునకు మించి చచ్చెనని శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

ఇప్పటి చిక్కు మరియొకచోట నున్నది. నౌకలలోని పడకల సంఖ్యకు ప్రభుత్వము హద్దు విధించినది. పట్టణములలోని హోటళ్లకు అంతటి కట్టుదిట్టము లేదు. ఒక వారపు నౌకాయాత్రకు వేల డాలర్లు కావలెను. అందుచేత నేడు ఒడ్డున బసచేసి, పగటిపూట పడవలలో తిరిగివచ్చువారే ఎక్కువ. ద్వీపవాసులకు ఇది అన్నము పెట్టు త్రోవ. విలాసనౌక ఆదాయము తమ చేతికి రాక తరలిపోవునని వారి ఆక్షేపణ. అందులో న్యాయము లేకపోలేదు. కాని ఊరు పెరిగినకొలది ప్రధాన భూభాగమునుండి తిండి, సామగ్రి పెరుగును; వానివెంట విత్తులు, చీమలు, పురుగులు దిగును. 2007లో యునెస్కో ఈ దీవులను ప్రమాదస్థితిలోని వారసత్వ స్థలముల పట్టికలో చేర్చి, 2010లో తొలగించెను. రోగము మాత్రము ఆ పట్టికతో పోలేదు.

ప్రవేశరుసుము సంగతి చూడుడు. 1998 నాటి శాసనము విదేశీయులకు విధించిన 100 డాలర్లు, 2024 ఆగస్టు 1 నుండి పెక్కు దేశములవారికి 200 అయినది. వేల డాలర్లు పోసి నౌక ఎక్కువానికి ఇది లెక్కలోనిది కాదు. అదే సమయమున ఈక్వడార్ పౌరుని రుసుము 6 నుండి 30 డాలర్లకు పోయెను. ధనికునికి రెండింతలు, స్వదేశీయునికి ఐదింతలు! మొత్తములు చిన్నవే యైనను ఈ నిష్పత్తి సమంజసము కాదు. పైగా యాత్రికుల సంఖ్యకు హద్దు గీయవలసిన పని రుసుముపై మోపిరి.

హద్దు గీసినచోట పని సులభమే. 2023 సెప్టెంబరులో పక్షులలో ఫ్లూ వ్యాధి కనబడగనే ఉద్యానవన అధికారులు కొన్ని దర్శనస్థలములను మూసివేసిరి. ఏ నౌక ఏనాడు ఎచ్చట నుండునో వారి చేతిలో ముందే వ్రాసియున్నది. అవి వేరు స్థలములకు మరలిన చాలును. పట్టణమును మాత్రము అట్లు మరలింప వీలుకాదు.