ఈదగల పాదాలు, విప్పవలసిన గొలుసు



జూలై నెల వచ్చేసరికి మన గోదావరి రంగు మారుతుంది. ఎర్రనీరు దిగిందంటే కోనసీమలో ప్రతి ఇంటివారి చూపు ఏటిగట్టు వైపే ఉంటుంది. ఇటువంటి రోజులలో కుక్కల గురించి వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చును. అందుకు కారణమున్నది. మేము గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో చాలా ఇళ్ళ ముందు ఇప్పుడు లాబ్రడార్ కుక్కలు కనబడుచున్నవి. "అయ్యగారూ, దీని కాళ్ళకు బాతు కాళ్ళలాగా వేళ్ళ మధ్య పొర ఉంటుందంట. ఎంత వరదలోనైనా ఈదేస్తుందంట, నిజమేనా అండి?" అని పిల్లలు అడుగుతారు. పెద్దలలో కూడా కొందరికి ఇదే నమ్మకమున్నది. ఈ మాటలో సగం నిజమున్నది. మిగిలిన సగం తెలుసుకొనకపోతే వరద రోజున ఒక మూగజీవి ప్రాణం పోతుంది. గనుక ఈ నెల ఆ సంగతి చూద్దాము.

మొదట బాతునే తీసుకుందాము. వరి కోతలైన తరువాత చేలల్లోకి బాతుల మందలను తోలుకొనివచ్చేవారిని మన పిల్లలు ఎరుగుదురు. బాతు ముందరి మూడు వేళ్ళను కలుపుతూ పలుచని తోలు ఉంటుంది. కాలు వెనుకకు త్రోసినప్పుడు ఆ తోలు విసనకర్రలాగా విచ్చుకొని నీటిని నెడుతుంది. కాలు ముందుకు తీసినప్పుడు ముడుచుకొంటుంది. కాలువ మధ్య కర్ర మీద కూర్చొని రెక్కలు ఆరబెట్టుకొనే నీటికాకిని చూడండి. దానికి వెనుక వేలితో సహా నాలుగు వేళ్ళూ పొరతో కలిసే ఉంటాయి. అందుకే అది నీటి అడుగున చేపను తరిమి పట్టగలుగుతుంది.

పక్షులే గాక నాలుగు కాళ్ళ జంతువులకు కూడా ఇటువంటి పాదాలున్నవి. మనకు పొరుగున కాకినాడ దగ్గర 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం ఉన్నది. అక్కడి మడ అడవులలో నీటికుక్కలు తిరుగుతాయి. పేరుకు కుక్కే గాని అది కుక్క జాతి కాదు, దాని కుటుంబమే వేరు. దానికి వేళ్ళ మధ్య నిండుగా పొర, నీటిని కోసే బలమైన తోక ఉంటాయి. అదే అడవిలో చేపలు పట్టే బావురు పిల్లి కూడా ఉన్నది. దాని వేళ్ళ మధ్య పొర నీటికుక్కకు ఉన్నంత లేదు. అయినా అది నీటిలో దిగి ఈది చేపను తెచ్చుకొంటుంది. పొరను బట్టి మాత్రమే ఈత వస్తుందనుకోవడం సరికాదని ఈ పిల్లిని చూస్తే తెలుస్తుంది.

ఇక కుక్క సంగతి. లోకంలోని ప్రతి కుక్కకు వేళ్ళ మధ్య కొంత తోలు ఉన్నది. మీ ఇంట మచ్చికైన కుక్క ముందరి కాలు చేతిలోకి తీసుకొని రెండు వేళ్ళను మెల్లగా విడదీసి చూడండి. (పరాయి కుక్కతో ఈ పరీక్ష వద్దు.) ఊరకుక్కకైనా ఆ తోలు కనబడుతుంది. తేడా అంతా అది ఎంతవరకు ఉన్నదనే దానిలోనే. సాధారణ కుక్కలకు అది వేళ్ళ మధ్య కొంతదూరం వచ్చి ఆగిపోతుంది. నీటి పనికి పెంచిన జాతులలో వేళ్ళ కొసలకు దగ్గరగా సాగుతుంది. అందుచేత ఒక అడుగుకు ఎక్కువ నీటిని నెట్టగలవు. తెడ్డు వెడల్పుగా ఉంటే పడవ సాగినట్టే ఇది కూడా. గనుక "పొర చూడండి, ఇది అసలు జాతి" అని పిల్లను అమ్మేవారు ఎవరైనా చూపిస్తే, ఆ ఒక్క గుర్తును నమ్మి వేలకు వేలు పోయవద్దు.

ఈ జాతులు ఎక్కడివి? కెనడా దేశపు తూర్పున న్యూఫౌండ్‌లాండ్ అనే దీవి ఉన్నది. అక్కడి సముద్రం చాలా చల్లన. ఆ దీవి పేరుతోనే పిలువబడే పెద్ద కుక్క 60, 70 కిలోల బరువు తూగుతుంది. జాలరులు దానిచేత వలలు లాగించేవారు, బరువులు మోయించేవారు. నీటిలో పడినవారిని ఒడ్డుకు చేర్చడంలో దానికి గొప్ప పేరున్నది. మన ఇళ్ళలోని లాబ్రడార్ కూడా ఆ దీవి నుండి వచ్చినదే. అక్కడి జాలరులు పెంచిన చిన్న నీటి కుక్కలను 19వ శతాబ్దంలో ఇంగ్లండుకు తీసుకొనిపోయి, వేటలో పడిన పక్షులను తెచ్చేందుకు పెంచారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్బు దానిని ఒక జాతిగా గుర్తించింది.

అమెరికాలోని చెసపీక్ అఖాతపు కుక్క కథ 1807లో మొదలైనది. మేరీలాండ్ తీరాన పాడైపోయిన ఒక ఓడ నుండి రెండు కుక్కపిల్లలను రక్షించారు. ఆ రెండింటి నుండి ఈ జాతి వచ్చినదని చెబుతారు. పోర్చుగల్ దేశంలోని ఆల్గార్వే తీరంలో జాలరుల నీటి కుక్క మరొకటి. అది చేపలను వలలోకి తోలేది, జారిపోయిన వలను వెదకి తెచ్చేది, ఒక పడవ నుండి మరొక పడవకు కబురు మోసేది. 1930ల నాటికి ఆ జాతి దాదాపు అంతరించిపోగా, వాస్కో బెన్సూడే అనే ఓడల యజమాని మిగిలిన కుక్కలను సేకరించి నిలబెట్టాడు. 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా కుటుంబం పెంచుకొన్న 'బో' ఆ జాతిదే. నీటికుక్కలను వేటాడేందుకు ఇంగ్లండులో పెంచిన ఆటర్‌హౌండ్‌కు కూడా ఇటువంటి పాదాలే ఉన్నవి.

వీటిలో ఎక్కువ జాతులను తయారుచేసినది మన అంతర్వేది, ఓడలరేవు జాలరులవంటి కష్టజీవులే. నీటిలోకి ధైర్యంగా దిగిన కుక్కను, చలికి ఓర్చిన కుక్కను, పిలిస్తే తిరిగి వచ్చిన కుక్కను ఉంచుకొని, దాని పిల్లలను పెంచారు. తరతరాలు అలా జరుగగా పాదం ఒక్కటే గాక శరీరమంతా నీటికి అనువైనది. లాబ్రడార్‌ను తడిపి చూడండి. పై వెంట్రుకలు తడిసినా లోపలి మెత్తని వెంట్రుకలు త్వరగా తడవవు. చర్మంలోని నూనె నీటిని ఆపుతుంది. మొదట్లో లావుగా ఉండే తోక చుక్కానివలె పనిచేస్తుంది. వెడల్పైన ఛాతీ, బలమైన భుజాలు ఎక్కువసేపు ఈదనిస్తాయి. ఇవన్నీ కలిసినప్పుడే వేళ్ళ మధ్య పొరకు ప్రయోజనం.

ఇవి లేని కుక్క ఎట్లుంటుందో పగ్‌ను చూస్తే తెలుస్తుంది. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో వచ్చి ఇంటింటికీ తెలిసిన చిన్న కుక్క ఇది. దాని మూతి పొట్టి, తల బరువు. ముక్కు నీటిపైన ఉంచుకొనడానికి ముఖం పైకెత్తితే వెనుక భాగం క్రిందికి దిగిపోతుంది. ఒడ్డున ఉన్నప్పుడే దానికి ఊపిరి కష్టం, నీటిలో త్వరగా అలసిపోతుంది. బుల్‌డాగ్‌కు కూడా ఇదే ఇబ్బంది. పొడుగు నడుము, పొట్టి కాళ్ళు గల డాక్స్‌హండ్ కూడా మంచి ఈతగాడు కాదు. ఏ జాతి కుక్కైనా ముసలిదైనా, బాగా కొవ్వెక్కినా ఎక్కువసేపు ఈదలేదు.

మరి మన ఊరకుక్క? సన్నని ఒళ్ళు, పొడుగు కాళ్ళు, పొడవైన మూతి. ఎండాకాలంలో కాలువలో దిగి చల్లబడుతుంది. లంకల్లో యజమాని పడవ ఎక్కితే వెనుకనే పాయ ఈది అవతలి రేవులో ఒళ్ళు దులుపుకొంటుంది. దానికి సర్టిఫికెట్టు లేదు, వేళ్ళ కొసలదాకా పొర లేదు. అయినా అవసరమైనంత ఈత దానికి వచ్చును.

ఇప్పుడు వరద మాటకు వద్దాము. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం దాదాపు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2006 ఆగస్టులో మళ్ళీ పెద్ద వరద వచ్చింది. మన కోనసీమ 2022 ఏప్రిల్ 4న జిల్లాగా ఏర్పడగా, ఆ జూలైలోనే 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి లంక గ్రామాలను ముంచింది. ఒక క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపు అడుగు, సుమారు 28 లీటర్లు. ఆ లెక్కన 2022లో సెకనుకు 7 కోట్ల లీటర్ల నీరు సముద్రం వైపు పరుగెత్తింది. చెట్లు, తాటాకు కప్పులు, గడ్డివాములు ఆ నీటిలో కొట్టుకొనిపోతాయి. దానికి ఎదురీదగల పాదం ఏ జాతి కుక్కకూ లేదు.

అయితే వరదలో కుక్కకు కావలసినది గోదావరి దాటడం కాదు. పెరటి నుండి ఏటిగట్టు వరకు, అరుగు నుండి మేడ మెట్ల వరకు చేరితే చాలును. ఆ కొద్ది దూరం లాబ్రడార్ ఈదుతుంది, ఊరకుక్క కూడా ఈదుతుంది. గొలుసుతో కట్టివేసిన కుక్క ఏ జాతిదైనా ఈదలేదు.

మా మనస్సులో ఉన్న భారమంతా ఇదే. పడవ వచ్చినప్పుడు ఇంటివారు హడావిడిగా మూటలు సర్దుకొంటారు. "రెండు రోజుల్లో వచ్చేస్తాం కదా, ఇంటికి కాపలా ఉంటుంది" అని కుక్కను స్తంభానికి కట్టి, ముందర ఇంత అన్నం పెట్టి వెళ్ళిపోతారు. వారికి దాని మీద ప్రేమ లేక కాదు. "దానికి ఈత వచ్చు" అనే ధీమా ఒకటి, తప్పిపోతుందేమోననే భయం ఒకటి. ఆ రాత్రి నీరు మరో మూడు అడుగులు పెరుగుతుంది. వరద తీసిన తరువాత గొలుసు చివర చచ్చిపడి ఉన్న కుక్కలను మేము చూశాము. అన్నం ముట్టకుండా ఏడ్చే పిల్లలను ఓదార్చలేకపోయిన తల్లులను కూడా చూశాము.

గనుక ఈ కొన్ని సంగతులు మనస్సులో ఉంచుకొనండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే కుక్కను ఎక్కడికి చేర్చవలెనో ఇంట్లో మాట్లాడుకొనండి. గట్టు మీద బంధువుల ఇల్లుంటే ముందే దింపి రండి. రెండవ హెచ్చరిక వచ్చేసరికి గొలుసు తీసివేయండి, గదిలో పెట్టి తలుపు వేయవద్దు. పడవలో చోటుంటే వెంట తీసుకొనిపోండి. చోటు లేకపోతే మేడ మెట్ల దారి తెరచి ఉంచి, పైన ఆహారము, మంచినీరు పెట్టండి. మెడ పట్టీ మాత్రం ఉంచి దాని మీద మీ ఫోను నంబరు వ్రాయండి.

వరద లేని రోజులలో కూడా జాగ్రత్త అవసరమే. రొయ్యల చెరువులలో కొన్నింటికి గట్ల లోపలి వైపు ప్లాస్టిక్ షీటు పరుస్తారు. దానిలో పడిన కుక్క ఎంత ఈదినా నున్నని షీటు మీద గోరు నిలువక పైకి రాలేదు. ఒక మూల పాత వల గాని తాళ్ళ నిచ్చెన గాని కట్టి వేలాడదీస్తే అది పట్టు దొరికి ఎక్కివస్తుంది. చెరువులో పడిన పిల్లవానికి కూడా అదే ఆధారమవుతుంది. కుక్కపిల్లకు ఈత నేర్పాలని కాలువలోకి విసరివేయవద్దు. మెట్లు గల రేవులో, నీరు మెల్లగా పారేచోట, దానంతట అది దిగేలా చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లలకు చెప్పండి. కుక్క కొట్టుకొనిపోతున్నదని దాని వెనుక ఎవరూ నీటిలో దూకకూడదు. బెదిరిన కుక్క దగ్గరకు వచ్చిన మనిషి మీదికే ఎక్కి ముంచుతుంది. గట్టు వెంట నడుస్తూ పేరుపెట్టి పిలవండి. పిలుపు వినబడిన వైపుకు అది వచ్చే అవకాశమున్నది.

నీరు తీసిన తరువాత ఆ పాదాలను మరల చూడండి. వేళ్ళ మధ్య తోలులో బురద నిలిచి తడిగా ఉంటే పుండ్లు పడతాయి. మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో వేళ్ళ సందులు తుడవండి. వ్రేలాడే చెవులలో కూడా తడి ఉండనీయకండి. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటి వలన లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కలకు, మనుష్యులకు కూడా వస్తుంది. కాళ్ళకు గాయాలున్నవారు ఆ నీటిలో తిరుగవద్దు. కుక్కలకు దీనికి టీకా ఉన్నది, పశువైద్యుని అడగండి.

ఈ వారమే ఒక చిన్న పని చేయండి. మీ ఇంటి కుక్క గొలుసు కొక్కెం ఒకసారి విప్పి చూడండి. తుప్పు పట్టి బిగుసుకొనిపోతే చీకటిలో, మోకాలి లోతు నీటిలో అది రాదు. ఇప్పుడే నూనె వేయండి, లేదా మార్చండి. గేదెల పలుపులు కోయడానికి ఒక కొడవలి పాకలో చేతికందే ఎత్తున పెట్టండి. అది ఎక్కడున్నదో ఇంట్లో అందరికీ చూపించండి.