మామూలు మనిషి హీరో కాడా?

పోయిన నెల మా అబ్బాయి ఓ సినిమా చూసొచ్చి, భోజనాల దగ్గర అరగంట సేపు హీరో గురించి చెప్పాడు. ఎంతమందిని నరికాడు, సిగరెట్టు ఎలా వెలిగించాడు, పోలీసు ఆఫీసర్ని పట్టుకుని ఎలా కొట్టాడు. అప్పుడే మావారు లేచి అందరి కంచాలూ తీస్తున్నారు. వీడు నవ్వుతూ "నాన్నని హీరోగా పెట్టి సినిమా తీస్తే ఇంటర్వెల్ దాకా కూడా ఎవరూ కూర్చోరమ్మా" అన్నాడు. మావారూ నవ్వేశారు.

నాకు మాత్రం నవ్వు రాలేదండీ. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు, జోకే వేశాడు. నా కోపం వాడి మీద కాదు, ఆ జోకు వెనకాల ఉన్న నమ్మకం మీద. మంచివాడు ఇంట్లో పనికొస్తాడు గానీ తెర మీద చూడ్డానికి బాగోడని ఇప్పుడు అందరూ ఒప్పేసుకున్నారు. అది పచ్చి అబద్ధం. మంచివాడి మొహం చూపించి ఏళ్ళ తరబడి టిక్కెట్లు అమ్ముకున్న సినిమాలు నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట మా అత్తయ్యగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు ఆవిడకి, కాబట్టి నాకూ లేదు. సౌండు తగ్గించి టీవీలో యూట్యూబ్ పెట్టుకుంటే, ఒకరోజు ఓ పాత అమెరికా కౌబాయ్ సినిమా తగిలింది. నలుపు తెలుపు. గంటలో అయిపోయింది. మర్నాడు ఇంకోటి. అత్తయ్యగారికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అయినా కథంతా నాకే చెప్పేవారు.

అవి 1930లలో, 40లలో తీసిన చవక సినిమాలు. బి వెస్టర్న్‌లంటారు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కొండల్లో, ఓ వారం అటూ ఇటూగా చుట్టేసేవారు. అదే వీధి, అదే బండరాళ్ళు, అవే గుర్రాలు. చిన్న ఊళ్ళలో శనివారం మధ్యాహ్నం పిల్లలు, పొలం పనుల వాళ్ళు వెళ్ళి చూసేవారు. అమెరికాలో మహా మాంద్యం నడుస్తున్న రోజులు. బ్యాంకులు మునిగిపోయి, అప్పుల కింద పొలాలు పోతున్నాయి. సినిమా తీసేవాడి దగ్గర సెట్టింగులకి డబ్బు లేదు, వేలమందిని చూపించే స్తోమతు లేదు. ఉన్నదల్లా హీరో మొహం. ఆ మొహం పక్కింటి అబ్బాయిలా ఉంటే చాలు, జనం మళ్ళీ శనివారం వచ్చేవారు.

'రైడర్స్ ఆఫ్ డెస్టినీ' అని 1933 సినిమా ఒకటి. జాన్ వేన్ హీరో. అప్పటికింకా పెద్ద పేరు లేదు. 1930లో ఓ భారీ సినిమాలో వేస్తే అది పోయింది. ఆ తర్వాత 1939లో 'స్టేజ్‌కోచ్' వచ్చేదాకా ఎక్కువగా ఇలాంటి చిన్న సినిమాలతోనే నెట్టుకొచ్చాడు. ఇందులో ఓ డబ్బున్నవాడు లోయలోని నీళ్ళన్నీ తన గుప్పిట్లో పెట్టుకుని రైతుల్ని పీల్చుకు తింటుంటాడు. ఓ రైతు కూతురు కోపంతో వాడి డబ్బు వస్తున్న గుర్రబ్బండినే దోచుకుంటుంది. హీరో ప్రభుత్వం రహస్యంగా పంపిన మనిషి. అయినా ఆ పిల్లని పట్టివ్వడు, అసలు సంగతేమిటో కనుక్కుంటాడు. చివరికి ఆ డబ్బున్నవాడి చేతే ఓ బావిని డైనమైట్ పెట్టి పేల్పిస్తాడు. బావి పోతుందనుకుంటే, లోపలి నీళ్ళు పొంగి లోయంతా పారతాయి.

మా అత్తయ్యగారిది చెరువు చివరి ఆయకట్టు ఊరు. నీళ్ళ కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం చూసిన మనిషి. ఆ నీళ్ళు పారుతుంటే మంచం మీద నుంచే దణ్ణం పెట్టారు. "ఈ టోపీ పిల్లాడు బుద్ధిమంతుడే అమ్మాయ్, అరవకుండా పని చక్కబెట్టాడు" అన్నారు. సినిమా సమీక్షలు చాలా చదివాను గానీ ఇంతకన్నా మంచి మాట చూడలేదు.

వాళ్ళందరూ అలాంటివాళ్ళే. హూట్ గిబ్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1912లో పెండిల్టన్ రోడియోలో విజేతగా నిలిచిన అసలు సిసలు రౌతు. సినిమాల్లో మాత్రం చాలాసార్లు నడుముకి తుపాకీ కూడా కట్టుకోడు, అవసరమైతే బూటులో దోపుకుంటాడు. తన్నులు తింటాడు, నలుగురూ నవ్వితే తనూ నవ్వుతాడు. బాబ్ స్టీల్ పొట్టివాడు. హోపలాంగ్ కాసిడీగా వేసిన విలియం బాయిడ్‌కి తల నెరిసిపోయింది. నవలల్లో ఆ కాసిడీ మొరటువాడు, తాగుతాడు. 1935లో సినిమాకొచ్చేసరికి తాగడు, పొగ పీల్చడు, పెద్దమనిషిలా మాట్లాడతాడు. ఈ మార్పు జనానికి నచ్చకపోతే అరవైకి పైగా సినిమాలు వచ్చేవా చెప్పండి?

బి.ఏ.లో మాకు నాయక లక్షణాలు పాఠం ఉండేది. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. మా నోట్సులో ధీరోదాత్తుడికి పేజీన్నర, ధీరశాంతుడికి రెండు లైన్లు. ఉదాహరణ, మృచ్ఛకటికంలో చారుదత్తుడు. ఉన్నదంతా పెట్టి పేదవాడైపోయినా మర్యాద వదలని మనిషి. మనవాళ్ళు వెయ్యేళ్ళకు పైగా ఆ రెండు లైన్ల మనిషిని నాయకుడనే అన్నారు. ఇప్పటి సినిమా మిగతా ముగ్గుర్నీ బయటికి తోసేసి, గర్వంతో విర్రవీగే ధీరోద్ధతుణ్ణి ఒక్కణ్ణే ఉంచుకుంది.

ఆ పాత సినిమాలన్నీ గొప్పవని నేననడం లేదు. అమెరికా మూలవాసుల్ని వాటిలో చాలావాటిలో అన్యాయంగా చూపించారు. నిజం కౌబాయ్‌లలో ఎందరో నల్లవాళ్ళు, మెక్సికన్లు ఉండేవారు, తెర మీద వాళ్ళు దాదాపు మాయం. ఆడపిల్లలకి చివర్లో నవ్వడం తప్ప పని లేనివే ఎక్కువ. కథలన్నీ ఒకేలా ఉంటాయంటారా, ఒప్పుకుంటాను. వరలక్ష్మీ వ్రతకథ కూడా ఏటా ఒకటే. కొత్తదనం కోసమా మనం వినేది?

మన కౌబాయ్ ఈ దారిన రాలేదు. 1960లలో ఇటలీ వాళ్ళు తీసిన వెస్టర్న్‌ల దారిన వచ్చాడు. అక్కడి హీరో డబ్బు కోసం తుపాకీ పట్టినవాడు. అందుకే 1971లో కృష్ణగారి సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు', 2002లో మహేష్‌బాబుది 'టక్కరి దొంగ'. పేర్లలోనే ఉంది చూడండి, ఒకడు మోసగాడు, ఇంకొకడు దొంగ. అవీ సరదాగా చూసినదాన్నే, కాదనను. కానీ సరదా కాస్తా రివాజైపోయింది. ఇప్పుడు హీరో ఆడపిల్ల వెంటపడి వేధిస్తే ప్రేమ, చెంప మీద కొడితే మగతనం.

ఇందులో మన తప్పూ ఉందండీ. పెళ్ళిచూపులయ్యాక మనమే కదా అంటాం, "కుర్రాడు మంచివాడే గానీ, కొంచెం మెతక" అని. ఆ 'గానీ' మన కొడుకులు వింటారు. మంచితనం ఒక లోటని, దాన్ని కప్పిపుచ్చుకోవాలని నేర్చుకుంటారు. తర్వాత వాళ్ళు ఇంట్లో గొంతు పెంచితే, ఎవర్ని చూసి నేర్చుకున్నారో అని మనమే వాపోతాం. తల్లికి రాత్రి రెండుసార్లు లేచి బెడ్‌పాన్ పెట్టిన మనిషి మా ఇంట్లో ఉన్నాడు. కొడుకు దగ్గర ఆ మాట నేనెప్పుడూ గర్వంగా చెప్పలేదు. ఆ తప్పు నాదే.

మొన్న ఆదివారం మావాణ్ణి కూర్చోబెట్టి ఆ నీళ్ళ సినిమా చూపించాను. మొదటి పది నిమిషాలు వెక్కిరించాడు. తర్వాత ఫోను పక్కన పెట్టాడు. అయ్యాక "ఆ బావి ఐడియా బావుందమ్మా" అన్నాడు. అంతే, అంతకుమించి ఏమీ అనలేదు. భోజనం చేసి కంచం అక్కడే వదిలేసి లేచాడు.

వెనక్కి పిలిచి తీయించాను. వాడి కంచమే కాదు, వాళ్ళ నాన్నదీ.