పాట వెనక కూర్చున్న చెవులు



పొద్దున సైటు బస్సులో డ్రైవరు పాట పెడతాడు. ఇంజను రొద, ఏసీ గాలి, వెనక సీట్ల మాటలు. అయినా పల్లవిలో మాటలు తెలుస్తూనే ఉంటాయి. అదే పాట రాత్రి మంచం మీద ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటే ఫ్లూటు ఒక చెవి వైపు, గిటారు ఇంకో చెవి వైపు విడివిడిగా వినిపిస్తాయి. ఇందులో పాడినవాళ్ళ గొప్ప ఉంది, కాదనము. కానీ మిక్సింగ్ ఇంజనీరు అనే ఉద్యోగి ఒకాయన తలుపులు మూసుకుని రోజుల తరబడి చేసిన పని కూడా ఉంది. ఈ వారం ఆయన డ్యూటీ సంగతి రాస్తున్నాము.

సినిమా పాటలో గొంతు, కోరస్, వయొలిన్లు, డోలు అన్నీ వేరువేరు ట్రాకులుగా ఉంటాయి. ఒక్కో పాటకు పదుల సంఖ్యలో, ఒక్కోసారి వంద దాటి కూడా. అన్నీ ఒక్కసారే వదిలితే సెలవు రోజు మన మెస్సు ముందు లైను లాగా ఉంటుంది, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఇంజనీరు ఒక్కోదాన్నీ పట్టుకుని సర్దుతాడు. గొంతుకు అడ్డొచ్చే వాయిద్యాన్ని తగ్గిస్తాడు, లేదా పక్కకు జరుపుతాడు. మెల్లగా పలికిన మాటను పైకి తెస్తాడు. చిన్న గదిలో పాడిన పాటకు పెద్ద హాల్లో పాడిన మోత చేరుస్తాడు. ఇది మిక్సింగ్. తయారైన పాటను మళ్ళీ మొత్తంగా విని, ఆల్బంలో ఒకటి గట్టిగా ఇంకోటి మెల్లగా లేకుండా సరిచేయడం మాస్టరింగ్. దీన్ని చాలాసార్లు వేరే మనిషి చేస్తాడు. అదే పాట వందసార్లు విన్న చెవికి తప్పు పట్టుబడదు కదా.

ఖరీదైన స్పీకర్లున్న స్టూడియోలో కూడా పక్కన మామూలు చిన్న స్పీకరు ఒకటి పెట్టుకుంటారు. యమహా వాళ్ళ ఎన్‌ఎస్-10 అని తెల్ల కోను స్పీకరు 1978లో వచ్చింది. 2001లో తయారీ ఆపేశారు, అయినా చాలా స్టూడియోల్లో ఇంకా కనిపిస్తుంది. అది పాటను తియ్యగా వినిపించదు, లోపం ఉంటే దాచదు, అందుకే దానికంత గిరాకీ. అది చాలక కారులో వింటారు, ఫోన్‌లో కూడా వింటారు. మన బస్సు స్పీకరును కూడా లెక్కలో పెట్టుకునే పని చేస్తారన్నమాట.

రిలీజు దగ్గర పడితే రాత్రీ పగలూ ఉండదు. ఒకరు గొంతు పెంచమంటారు, ఇంకొకరు బీటు పెంచమంటారు. ఫైలు పేరు ‘ఫైనల్’, తర్వాత ‘ఫైనల్ 2’, ఆ తర్వాత ‘అసలు ఫైనల్’. (మా ఆఫీసులో ఓవర్‌టైం షీటు కూడా అంతే, నవ్వకండి.) ఇప్పుడు యూట్యూబ్‌లో మనం వినే జానపద పాటలకైతే కరీంనగర్, వరంగల్ వైపు చిన్న స్టూడియోల్లో రికార్డింగు నుంచి మాస్టరింగ్ దాకా ఒక్కరే చేసేది కూడా ఉంది.

పేరు మాత్రం కవరు మీద చిన్న అక్షరాల్లోనే. ఎ.ఆర్. రహమాన్ పాటలకు ఏళ్ళ తరబడి పనిచేసిన హెచ్. శ్రీధర్ పేరు మనలో ఎంతమంది విన్నాము? ‘మహానది’, ‘దిల్ సే’, ‘లగాన్’ చిత్రాల ఆడియోగ్రఫీకి జాతీయ అవార్డులు అందుకున్నారు. 2008 డిసెంబర్ 1న చనిపోయారు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ పాటల ఆల్బంకు 2010లో గ్రామీ వచ్చినప్పుడు ఇంజనీరుగా ఆయన పేరూ అందులో ఉంది. ఆయనే లేరు.

ఈ ఉద్యోగంలో పనిముట్టు చెవే. అందుకని వాళ్ళు దాన్ని కాపాడుకునే తీరు మనం చూడాలి. చాలామంది మామూలుగా మాట్లాడుకునేంత సౌండులోనే పనిచేస్తారు. గట్టిగా పెడితే ఏ పాటైనా బాగున్నట్టే అనిపిస్తుంది, అది చెవి చేసే మోసం. గంటల తరబడి వింటే చెవి అలిసిపోతుంది. అలిసిన చెవితో చేసిన మిక్సు పొద్దున వింటే గుచ్చుకునేలా ఉంటుంది. అందుకే మధ్యమధ్య లేచి బయటికి వెళ్ళి వస్తారు.

మన పని చూడండి. 85 డెసిబెల్స్ సౌండులో 8 గంటల దాకా ఉండొచ్చని అమెరికాలోని నియోష్ అనే సంస్థ లెక్క. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు ఆ 100 దాటుతుంది. అది పట్టుకుని దిగి, రాత్రి రూములో ఏసీ మోత వినపడకుండా ఇయర్‌ఫోన్ ఫుల్లుగా పెట్టుకునే తమ్ముళ్ళు ప్రతి రూములో ఉన్నారు. డ్యూటీ దిగాక చెవుల్లో కీచుమని మోగుతుంటే, మాటలు దూది అడ్డం పెట్టినట్టు వినిపిస్తుంటే, చెవికి దెబ్బ తగులుతోందన్నమాట. లోపల చచ్చిన కణాలు మళ్ళీ పుట్టవు. ఆ రోజు పాటలు మానేయండి. మర్నాడూ తగ్గకపోతే క్లినిక్‌లో చూపించుకోండి.

బ్రేకరు, గ్రైండరు పనికి ఇయర్ ప్లగ్గులు సేఫ్టీ సామాను కిందికే వస్తాయి. హెల్మెట్ అడిగినట్టే అడగండి. స్టోరులో అయిపోయాయంటే మా టేబుల్ దగ్గరికి రండి, రిక్వెస్టు కాగితం మేము రాసిపెడతాము. మీ ఐడీ నంబరు మాత్రం గుర్తుంచుకుని రండి.